నదుల పాఠం

కంప్యూటర్ ఆగిందో లేదో ఓబులేసుకు చెవులే చెప్పేవి. లోపలి ఫ్యాను చప్పుడు మెల్లగా సన్నబడి, చివరకు టక్కుమని ఒక సద్దు వచ్చేది. ఆ సద్దు వినేదాకా అతను తలుపు వేసేవాడు కాదు. చూపున్నవాళ్లయితే తెర మీద బొమ్మ పోగానే అయిపోయిందనుకుని లేచేవారు. ఓబులేసు మాత్రం చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

అనంతపురంలో రైలు స్టేషన్‌కు పోయే దారిలో, ఒక పాత మిద్దె కింది వాటాలో ఆ వినికిడి లైబ్రరీ ఉండేది. చూపులేని పిల్లలు వచ్చి తమ బడి పుస్తకాలు వినే చోటు. బెంగళూరు ట్రస్టు ఒకటి దాన్ని నెలకొల్పి, ఓబులేసుకు అప్పగించింది. అతనిది ముదిగుబ్బ పక్క పల్లె. పసితనంలో తట్టు పోసి చూపు పోయింది. నాయన వెంట బీళ్లలో తిరిగే రోజుల్లో, మెడగంట సద్దును బట్టి ఏ గొర్రె మందను విడిచి పోతోందో చెప్పేవాడు. తర్వాత హాస్టల్లో చేరి పదో తరగతి నుంచి డిగ్రీ దాకా అన్నీ విని పాసయ్యాడు.

ఆ విన్నదంతా దాదాపు ఒకే గొంతు. సుబ్బరత్నమ్మ టీచరుది. సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి ఆమె. ఓబులేసు చదువుకునే కాలంలో క్యాసెట్ల మీద చదివి పెట్టేది. కష్టమైన మాట వచ్చే ముందు ఆమె గొంతు రవ్వంత ఆగేది, ఇదిగో వస్తాంది పట్టుకో అన్నట్టు. పరీక్ష హాల్లో పక్కన కూర్చుని రాసేవాడికి జవాబు చెబుతున్నప్పుడు కూడా ఓబులేసు అక్కడే ఆగేవాడు. ఆ సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

రెండు వేల అయిదు నాటికి క్యాసెట్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ముందు గదిలో ఒక పెద్ద కంప్యూటర్, దాన్ని అందరూ సర్వర్ అనేవారు. పాఠాలన్నీ దాంట్లోనే. పిల్లలు వినే గదిలో రెండు, టీచరమ్మ చదివే లోపలి గదిలో ఒకటి ఉండేవి. ఆ మూడింటికీ సొంత పాఠాలంటూ లేవు. సర్వర్‌లో పాఠాలు దాచిన అరను వైర్ల గుండా తమ దగ్గరికి తెచ్చుకుని, తమదే అన్నట్టు వాడుకునేవి. వైర్లన్నీ కలిసే చిన్న డబ్బా ఒకటి లోపలి గదిలో బల్ల కింద ఉండేది. దాన్ని హబ్ అనేవారు. అన్నిటినీ నడిపేది లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరే. అమర్చిపెట్టి ట్రస్టు వాళ్లు బెంగళూరు వెళ్లిపోయారు. ఏదైనా చెడితే చూడడానికి ఫరీన్ వచ్చేది. కమలానగర్‌లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే పిల్ల. స్కూటీ ఆపకముందే మాట మొదలుపెట్టే రకం.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి టీచరమ్మ గొంతు బొంగురుపోయింది. మొదట చల్లనీళ్లనుకున్నారు, తర్వాత దుమ్మనుకున్నారు. చివరకు బెంగళూరులో పెద్దాసుపత్రి వాళ్లు చూసి, గొంతులో గడ్డ ఉంది తీసేయాలన్నారు. తీశాక మాట ఎంత మిగులుతుందో ముందుగా చెప్పలేమన్నారు.

ఆమె ఏడవలేదు. లైబ్రరీకి వచ్చి ఓబులేసు ఎదురుగా కూర్చుంది.

"తొమ్మిదో తరగతి సాంఘికం సగంలో ఉండాది కదప్పా. అది పూర్తి చేసి పోతా."

"గొంతుకు రెస్టు ఇమ్మన్నారంట కదమ్మా?"

"ఆపరేషను అయినాక ఇయ్యక తప్పదు. ఇప్పుడే ఎందుకు ఇయ్యల్ల?"

పిల్లలు వెళ్లిపోయి, వీధి కొంచెం సద్దుమణిగాక సాయంత్రాలు చదవడం మొదలుపెట్టింది. గొంతు బాగున్న రోజు ఆటోలో తనే వచ్చేది. నొప్పిగా ఉన్న రోజు భర్త బయ్యన్న మోపెడ్ మీద తీసుకొచ్చేవాడు. ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి దిగిపోయినవాడు. మనిషి మొరటు. కానీ భార్యకు ఫ్లాస్కులో వేన్నీళ్లు, చేతిగుడ్డ, దిండు అన్నీ తెచ్చేవాడు. ఆమె చదువుతున్నంతసేపూ గోడకానుకుని ఊపిరి కూడా చప్పుడు కాకుండా కూర్చునేవాడు.

కష్టం అప్పుడే మొదలైంది. కొన్ని సాయంత్రాలు పాఠం చదవడం అయ్యాక, దాచమని మీట నొక్కితే కంప్యూటర్ అలాగే బిగుసుకుపోయేది. సరే ఆపేద్దామని ఆపే మీటలు నొక్కితే ఆగేది కాదు. ఫ్యాను తిరుగుతూనే ఉండేది. ఓబులేసు టక్కు కోసం చెవి ఒగ్గి కూర్చునేవాడు. వీధి దీపాలు వెలిగేవి, ఎదురు బడ్డీ వాడు సామాన్లు లోపలికి జరిపేవాడు, అది మాత్రం ఆగేది కాదు. చివరకు బయ్యన్నే లేచేవాడు.

"ఎంతసేపు కూచుంటాం ఓబులేసూ. దానికి మనిషి మాట పట్టదు. ప్లగ్గు పెరుకు."

ఓబులేసు పీకేవాడు. మర్నాడు తెరిచి చూస్తే ఆ పాఠం ఉండేది కాదు. సుబ్బరత్నమ్మ మళ్లీ చదివేది. రెండోసారి చదవడంతో గొంతు ఇంకా పాడయ్యేది. ఆటోలో రావడం తగ్గి, బయ్యన్న తీసుకొచ్చే రోజులు ఎక్కువయ్యాయి. కంప్యూటర్ బిగుసుకునే రోజులూ ఎక్కువయ్యాయి.

ఫరీన్ వచ్చి చూసింది. మొదట కరెంటు సరఫరా చేసే లోపలి పెట్టె చెడిందనుకుని మార్చింది. కాలేదు. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, లినక్స్ వాళ్లు ఒకరికొకరు రాసుకునే ఉత్తరాలన్నీ వెతికి, ఈసారి గట్టి నమ్మకంతో వచ్చింది.

"దొరికిందన్నా. దీనికి ఒక వరస ఉండాది. ఆపేటప్పుడు మొదట సర్వర్ అరను విడిచిపెట్టల్ల, ఆ తర్వాత నెట్‌వర్క్‌ను ఆపల్ల. ముందే నెట్‌వర్క్ ఆగిపోతే, అర యాడుండాదో తెలీక దాన్ని విడిచిపెట్టలేక, ఆగనూ లేక అట్లనే నిలబడతాది. ఆ వరస సరిచేస్తా చూడు."

సరిచేసి, ఆపి చూపించింది. టక్కుమంది. మళ్లీ మళ్లీ పెట్టి ఆపింది. ప్రతిసారీ టక్కుమంది. ఫరీన్ సంతోషంగా వెళ్లిపోయింది. రెండు సాయంత్రాలు గడిచాయో లేదో, అడవుల పాఠం పోయింది.

"నేనొచ్చినప్పుడు బాగుంటాది, నేను పోతానే మొండికేస్తాది," అంది ఫరీన్ ఫోన్‌లో, విసుగు దాచుకోకుండా. "డాక్టరును చూస్తానే జ్వరం దిగిపోయే పిల్లోళ్ల మాదిరి ఉండాదన్నా దీని యవ్వారం. ఈసారి బిగుసుకుంటే మాత్రం ఏమీ నొక్కద్దు. ప్లగ్గు పెరకద్దు. నాకు ఫోన్ చెయ్."

ఓబులేసు సరేనన్నాడు. అతని మనసులో ఒక మాట ఉంది, నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చూపులేనివాడు రోజులను గుర్తు పెట్టుకునే పద్ధతి వేరు. అడవుల పాఠం పోయిన రోజు గదిలో బయ్యన్న బీడీ వాసన ఉంది. దానికి ముందు, పంటల పాఠం పోయిన రోజు కూడా ఉంది. ఆటోలో వచ్చిన రోజుల్లో ఆ వాసన లేదు, పాఠమూ పోలేదు. ఆ లెక్కన కంప్యూటర్ మొండికేసేది బయ్యన్న వచ్చిన రోజులే. అలా అనుకున్నందుకు ఓబులేసుకే సిగ్గేసింది. గోడకానుకుని కూర్చునే మనిషి ఏం చేస్తాడు? వేన్నీళ్ల ఫ్లాస్కు తెచ్చిన పాపమా? కంప్యూటర్‌కు మనుషుల మీద పగ ఉంటుందా? ఆ ఆలోచనను పక్కకు నెట్టేశాడు.

ఆపరేషన్‌కు బయలుదేరే రోజు రానే వచ్చింది. బెంగళూరు బండి రాత్రికి. ఆ సాయంత్రం పెట్టె బేడా మోపెడ్‌కు కట్టుకుని దంపతులిద్దరూ లైబ్రరీకే వచ్చారు. మిగిలింది ఒక్క పాఠం, నదులు.

"ఈ ఒక్కటీ అయిపోతే పుస్తకం మూసేయొచ్చు," అంది సుబ్బరత్నమ్మ. గొంతు గరగరలాడుతోంది. ఒక్కో మాటా గొంతులోంచి తోడుకుని చెబుతున్నట్టుంది.

గదిలో ఉక్క. బల్ల మీది ఫ్యాను చప్పుడు రికార్డులో పడుతుందని, చదివేటప్పుడు దాన్ని ఆపేయడం ఆనవాయితీ. ఫ్యాను ఆగింది. ఆమె నీళ్లు తాగింది, గొంతు సవరించుకుంది. ఓబులేసు మీట నొక్కాడు.

ఆమె చదివింది. గోదావరి ఎక్కడ పుట్టిందో, కృష్ణ ఎన్ని రాష్ట్రాలు దాటి వస్తుందో చదివింది. ఎండిపోయిన ఊళ్ల పిల్లల కోసం ఇన్ని నీళ్ల గురించి ఆ ఎండిన గొంతుతో చదువుతోంది. పెన్నా దగ్గరికి వచ్చేసరికి ఆమె స్వరం కొంచెం మెత్తబడింది. నందికొండల్లో పుట్టి మన జిల్లాలోకి వస్తుందనీ, చిత్రావతి దానికి... అని ఆగింది.  దగ్గు వస్తుందేమోనని ఓబులేసు భయపడ్డాడు. దగ్గు కాదు. కష్టమైన మాట ముందర ఎప్పుడూ ఆగే ఆగడమే. "ఉపనది," అంది.

పాఠం అయిపోయింది. ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టి తల వాల్చింది. బయ్యన్న లేచి ఆమె వీపు నిమరడం, గాజులు బల్లకు తగలడం ఓబులేసుకు వినిపించాయి. అతను దాచే మీట నొక్కి, ఎప్పుడూ వినిపించే చిన్న గంట సద్దు కోసం చూశాడు.

గంట మోగలేదు.

"ఏమైందప్పా?" అన్నాడు బయ్యన్న.

"మళ్లీ నిలబడింది మామా."

 సుబ్బరత్నమ్మ తల ఎత్తి, "ఇంకోసారి చదువుతా," అంది. ఆ మాటలో సగం గాలే.

"చదివేది లేదు," అన్నాడు బయ్యన్న. "పోతే పోనీ. రైలు టైమవుతాది. ప్లగ్గు పెరికేయ్ ఓబులేసూ."

"పెరకను మామా."

తన నోట ఆ మాట అంత గట్టిగా వచ్చేసరికి ఓబులేసే ఉలిక్కిపడ్డాడు. బయ్యన్న ముందు అతను ఎన్నడూ ఎదురు చెప్పలేదు. తడుముకుని ఫోన్ దగ్గరికి పోయి ఫరీన్‌కు చేశాడు.

ఆమె వచ్చింది. ఈసారి స్కూటీ ఆపాకే మాట్లాడింది, అంతే తేడా. నేరుగా లోపలికొచ్చి బల్ల ముందు కూర్చుంది. ఏవో మీటలు గబగబా నొక్కింది. పాఠం ఉన్న తెర కాకుండా, కంప్యూటర్ తనలో తాను గొణుక్కునే మాటలు కనిపించే తెర ఒకటి ఉంటుందట, దానికి మారింది.

"ఏం చెప్తాందమ్మా?" అడిగాడు ఓబులేసు.

ఫరీన్ చదివింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పింది. "సర్వర్ పలకడం లేదు. ఇంకా ప్రయత్నం చేస్తాండా, అంటాంది."

"అంతేనా?"

"అదే మాట మళ్లీ ఇంకోతూరి. సర్వర్ పలకడం లేదు, ఇంకా ప్రయత్నం చేస్తాండా."

కంప్యూటర్ లోపలి ఫ్యాను చిన్నగా తిరుగుతూనే ఉంది.  ఇన్ని సాయంత్రాలూ అది మొండికేసిందనుకున్నారు, తిట్టారు, పీక పట్టుకున్నట్టు ప్లగ్గు పీకారు. అది మాత్రం టీచరమ్మ చదివిన పాఠాన్ని చేతిలో పట్టుకుని, తీసుకోమని అవతలి గుమ్మం ముందు పిలుస్తూనే ఉంది.

"అంటే పాఠం పోలేదా?" అన్నాడు.

"ప్లగ్గు పెరకనంతసేపు యాడికీ పోదు. దీంట్లోనే ఉండాది. సర్వర్ పలికితే ఇచ్చేస్తాది." ఫరీన్ కుర్చీ వెనక్కి నెట్టింది. "కానీ సర్వర్ బాగనే ఉండాదే. ముందు గదిలో గుయ్యిమని తిరుగుతానే ఉండాది. పక్కగదిలో మనిషి బతికే ఉండాడు, పిలిస్తే వినపడదంటే ఎట్లన్నా?"

"నడమ ఉండేది చూడల్ల," అన్నాడు ఓబులేసు.

ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది. ఫరీన్ వైరు పట్టుకుని వెతుక్కుంటూ వంగేసరికి ఓబులేసు బల్ల కింద మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. అతని చేతికి హబ్ తగిలింది. ఉదయం పిల్లలకు వైర్లు సరిచేసేటప్పుడు ఎప్పుడు తాకినా అది పసిబిడ్డ ఒళ్లులాగా గోరువెచ్చగా ఉండేది. ఇప్పుడు చల్లగా ఉంది.

"దీపాలు వెలగతాండాయా చూడు," అన్నాడు.

"ఒక్కటీ లేదు. దీనికి కరెంటే లేదన్నా."

ఆమె హబ్ నుంచి వెళ్లే సన్నని తీగను పట్టుకుని పోయింది. అది గోడ దగ్గర నేల మీదున్న ఎక్స్‌టెన్షన్ పెట్టెలోకి పోయింది. ఆ పెట్టెలో రెండే ప్లగ్గులున్నాయి. ఒకటి హబ్‌ది, ఇంకొకటి బల్ల ఫ్యానుది. పెట్టె మీద ఎర్ర మీట ఆపి ఉంది.

ఫరీన్ దాన్ని నొక్కింది.

బల్ల మీది ఫ్యాను ఒక్కసారిగా తిరిగింది. పుస్తకం పేజీలు రెపరెపలాడాయి. హబ్ మీద దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయని ఫరీన్ చెబుతూ ఉంది. ఆ మాట పూర్తి కాకుండానే తెర వైపు తిరిగి, "సర్వర్ పలికింది," అంది. ఇంకో క్షణానికి చిన్న గంట మోగింది.

ఓబులేసు బల్ల కిందే కూర్చుండిపోయాడు. నవ్వో ఏడుపో తెలియని సద్దు ఒకటి అతని నోట్లోంచి వచ్చింది. ఫరీన్ పాఠం పెట్టింది. ఫ్యాను గాలిలో, గరగరలాడే గొంతులో గోదావరి మొదలైంది. మొదటి రెండు వాక్యాలు విని ఆపేసింది.

అప్పుడు బయ్యన్న మాట్లాడాడు.

"ఆ మీట ఆపింది నేను."

 ఓబులేసు బల్ల కిందినుంచి బయటికి వచ్చాడు. ఆటోలో వచ్చిన రోజుల్లో ఫ్యానును ఆపేది తనే, ఫ్యానుకుండే మీటతో. ఇవాళ ఆ మీట తను ముట్టనే లేదు. తను చేయి చాపకముందే ఫ్యాను ఆగింది. బయ్యన్న వచ్చిన ప్రతిరోజూ అలాగే ఆగేది.

"ఫ్యాను మీట నొక్కితే టపీమని కొడతాది," అన్నాడు బయ్యన్న మెల్లగా. "రికార్డులో పడతాదేమోనని ఈడ కింద ఆపుతాంటి. చప్పుడు రాదని. పోయేటప్పుడు మళ్లీ ఏసి పోతాంటి. లైను పని చేసినన్నాళ్లూ అదే అలవాటు, మూలం కాడ ఆపల్లని. ఆ చిన్న డబ్బాకూ ఇదే కరెంటని నాకెట్ల తెలుస్తాది?" గొంతు భార్య వైపు తిరిగింది. "రత్నా, అడవుల పాఠం రెండుసార్లు చదివితివి. పంటలు రెండుసార్లు. గనుల పాఠం చదివి ఆ పొద్దు నెత్తురు ఉమిస్తివి. అదంతా నా చేతి పనేనా?"

 ఓబులేసుకు తన మనసులో నెట్టేసిన మాట గుర్తొచ్చింది. ముందే చెప్పి ఉంటే ఆమెకు కొన్ని పాఠాల కష్టం తప్పేదనిపించింది. 

సుబ్బరత్నమ్మ కుర్చీ జరిపిన సద్దయింది. ఆమె నడిచి భర్త దగ్గరికి పోయింది. చెప్పిన మాట గుసగుసే అయినా చిన్న గదిలో అందరికీ వినబడింది.

"పెండ్లయిన కాన్నించీ నా నోరు మూయించల్లని చూస్తాంటివి కదయ్యా. ఇన్నేండ్లకు ఒక మీట దొరికింది నీకు."

బయ్యన్న నవ్వలేదు. ఆమె మళ్లీ అంది. "నాకు చెమట పోస్తాందని ఒక పక్క, చప్పుడు పడతాదని ఒక పక్క, గోడకు బల్లి మాదిరి కరుచుకోని కూచుంటివి. నాకు తెలీదా. పద, రైలుకు పోదాం. పాఠం ఉండాది కదా."

ఆయన ముక్కు చీదుకున్న సద్దు వినిపించింది. "ఉండాది," అన్నాడు.

వాళ్లను సాగనంపి వచ్చాక ఫరీన్ ఊరికే ఉండలేకపోయింది. తెలిసిందని నమ్మకం కుదరాలంటే చేసి చూడాలంది. కావాలని ఎర్ర మీట ఆపి, కంప్యూటర్‌ను ఆపమని చెప్పింది. బిగుసుకుంది. ఇద్దరూ కూర్చుని విన్నారు. ఆమె మీట వేసింది. కాసేపటికి లోపలి ఫ్యాను చప్పుడు సన్నబడి, టక్కుమంది.

"నేను చెప్పిందీ అబద్ధం కాదన్నా," అంది ఫరీన్. "అర విడవకముందే నెట్‌వర్క్ పోతాందంటి. నిజంగానే పోతాండె. అయితే కంప్యూటర్ ఆపడంల్యా, మామ ఆపుతాండె. నేనేమో పట్టపగలు వచ్చి, మీట వేసుండగా చూసి పోతాంటి."

హబ్ ప్లగ్గును తీసి, ముందు గదిలోంచి ఇంకో తీగ లాగి, సర్వర్‌కు కరెంటు కాపాడే బ్యాటరీ పెట్టెకే తగిలించింది. తర్వాత కీబోర్డు ముందు కూర్చుని ఒక మాట అడిగింది.

"సర్వర్ పలకకపోతే కొంచెంసేపు చూసి, వదిలేసి ఆగిపొమ్మని కూడా చెప్పొచ్చు దీనికి. మళ్లీ ఇట్లా నిలబడదు. కాకపోతే చేతిలో ఉండే పాఠం పోతాది. ఎట్ల పెట్టమంటావు?"

ఓబులేసు ఆలోచించాడు. "పిల్లలు వినే రెండింటికీ అట్లనే పెట్టు. వాటి చేతిలో ఏముంటాది, వినేదే కదా. టీచరమ్మ గదిలో దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. ఎంతసేపైనా ఎదురుచూడనీ."

"నేనూ అదే అనుకుంటి," అంది ఫరీన్.

ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఏమీ లేదని బయ్యన్న ఫోన్ చేశాడు. మాట మాత్రం ఇప్పుడిప్పుడే రాదట. వచ్చినా గుసగుసకు మించి రాకపోవచ్చట. ఫోన్ పెట్టేశాక ఓబులేసు పిల్లల గదిలోకి పోయి, ఎవరూ లేని బల్ల ముందు కూర్చుని, నదుల పాఠం మొదటినుంచి చివరిదాకా విన్నాడు. పెన్నా దగ్గర ఆగిన చోట మళ్లీ వెనక్కి పెట్టుకుని విన్నాడు.

వానలు వచ్చాయనిపించి రాకుండా పోయాయి. వేరుశనగ బుడ్డలు వేసినవాళ్లు ఆకాశం చూస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం మోపెడ్ వచ్చి లైబ్రరీ ముందు ఆగింది. బయ్యన్న అడుగులు, వాటి వెనక టీచరమ్మ అడుగులు. ఓబులేసు లేచి నిలబడ్డాడు. ఆమె దగ్గరికి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. మాట లేదు. చేతులు మునుపటి మాదిరే ఉన్నాయి, కొంచెం బక్కచిక్కాయి.

"ఎనిమిదో తరగతి సైన్సు తెచ్చినా," అన్నాడు బయ్యన్న. "దీంట్లో కరెంటు పాఠం ఉండాది. ఈమె ఊరుకోవడంల్యా. నువ్వు చదువు, నువ్వు చదువు అని పలక మీద రాసి చూపిస్తాది. నేను చదివితే పిల్లోళ్లు నవ్వుతారప్పా."

"నవ్వనీ మామా. నవ్వితే గుర్తుంటాది."

లోపలి గదిలో ఇద్దరికీ రెండు కుర్చీలు వేశారు. ఓబులేసు మీట నొక్కాడు. బయ్యన్న గొంతు పెద్దది, స్తంభం మీదినుంచి కింది మనిషితో మాట్లాడుతున్నట్టుంటుంది. ఒత్తులు తప్పినప్పుడల్లా సుబ్బరత్నమ్మ వేలితో బల్ల మీద తట్టేది. ఆయన ఆగి, సరిచేసుకుని, మళ్లీ చదివేవాడు. ఒక్కోసారి ఏం తప్పో తెలియక ఆమె ముఖం చూసేవాడు కాబోలు, కాసేపు ఏమీ వినిపించేది కాదు. తర్వాత సరైన మాట వచ్చేది.

మధ్యలో ఒకసారి నీళ్లకు ఆగినప్పుడు ఓబులేసు అడిగాడు. "ఆ తట్టేవన్నీ తీసేయమంటావా అమ్మా? ఫరీన్‌కు చెప్తే కత్తిరిస్తాది."

బదులుగా బల్ల మీద రెండు సార్లు గట్టిగా తట్టింది. వద్దని అర్థం చేసుకున్నాడు.

చివరి పేజీలో, తడి చేత్తో మీటలు ముట్టుకోరాదు అనే వాక్యం వచ్చింది. బయ్యన్న అది చదివి ఆగాడు. పుస్తకం బల్ల మీద పెట్టిన సద్దు వినిపించింది.

"ఇదిగో పిల్లోళ్లూ, పుస్తకంలో ఒక్క మాటే రాసినారు, నేను ఇంకొంచెం చెప్తా ఇనండి," అన్నాడు మైకుకు దగ్గరగా జరిగి. "మీకు చూపు లేదు కాబట్టి మీటలను తడుముకుంటారు. తడిమేటప్పుడు అరచెయ్యి పెట్టద్దండి. చేతి వెనకపక్క పెట్టండి. షాకు కొడితే చెయ్యి దానంతట అదే వెనక్కి వస్తాది. అరచెయ్యి పెడితే పట్టుకుంటాది, ఇడవదు. కరెంటు తీగలు మోసి మోసి నేర్చుకున్నా ఇది."

ఓబులేసు బల్ల మీద తట్టే సద్దు కోసం చూశాడు. ఆమె తట్టలేదు. బయ్యన్న ఇంకా చెబుతూనే ఉన్నాడు.